మార్కుల్ని బట్టి సెక్షన్లు మారుస్తా పోతే పిల్లోడికి జతెవురు?

మొదటే చెప్పేస్తాను. ఇంటర్ కాలేజీల్లో మార్కుల్ని బట్టి పిల్లల్ని సెక్షన్లు మార్చే పద్ధతి పోవాల, పూర్తిగా పోకపోతే బాగా తగ్గాల, ఇదంతా రాస్తా ఉండేది దాని కోసమే.

టెన్త్ పరీక్షలు అయీ అవకముందే మా తిరుపతిలో కాలేజీల పీఆర్వోలు ఇళ్ళ చుట్టూ తిరగడం మొదలుపెడతారు. ఎంపీసీనా బైపీసీనా, ఏసీనా నాన్ ఏసీనా, హాస్టలా డే స్కాలరా, ఫీజులో ఎంత తగ్గిస్తారు, ఇవన్నీ గంటలకొద్దీ మాట్లాడుకుంటాం. వారం వారం టెస్ట్ పెడతాం, ఆ మార్కుల్ని బట్టి పై సెక్షన్‌కి ఎక్కిస్తాం, తగ్గితే కిందికి దించుతాం అని వాళ్ళు గొప్పగా చెప్తారు, మనం కూడా "కాంపిటీషన్ ఉంటేనే కదా చదివేది" అని తలకాయ ఊపుతాం. కొన్ని చోట్ల సెక్షన్‌తో పాటు హాస్టల్ రూము కూడా మారిపోతుంది. పదహారేళ్ళ పిల్లోడు మొదటిసారి ఇల్లు వదిలిపెట్టి పోయి, ఆడ పక్క మంచం వాడితో మెల్లగా ఒక జత కుదుర్చుకుంటే, ఆ జత కుదిరీ కుదరకముందే వాణ్ణి ఎత్తి ఇంకో గదిలో వేస్తే వాడి మనసు ఏమైతాది అని ఆ అడ్మిషన్ టేబుల్ దగ్గర ఎవురూ అడగరు.

నేను బైరాగిపట్టెడలో ఇంటి దగ్గరే ఎనిమిది నుంచి పది దాకా పిల్లలకి లెక్కలు చెప్తాను. నా దగ్గర చదువుకుని ఇంటర్‌కి పోయిన పిల్లలు దసరాకో సంక్రాంతికో వచ్చినప్పుడు ఒకసారి ఇంటికొచ్చి కనిపించి పోతారు. వాళ్ళ మాటల్లో సిలబస్ గురించి ఉండేది తక్కువ. "నన్నూ వాణ్ణీ విడగొట్టేసినారు మేడమ్" అనే మాట మాత్రం ప్రతి పండక్కీ ఎవురో ఒకరి నోట్లో నుంచి వస్తాది. ఇంట్లో పెద్దవాళ్ళు వెంటనే "స్నేహాలు తర్వాత చూసుకోవచ్చు, ముందు సీటు రానీ" అంటారు. ఈ మాట ప్రేమతోనే అంటారు, నాకు తెలుసు. కానీ స్నేహం అనేది చదువు అయిపోయినాక తినే తీపి పదార్థం లాంటిది అన్నట్టు మాట్లాడతారు చూడండి, అక్కడే నాకు అభ్యంతరం. ఆ వయసులో పిల్లోడు నిద్రపోయేదీ, అన్నం తినేదీ, క్లాసులో కుదురుగా కూర్చునేదీ చాలా వరకు ఆ ఒక్క జతగాడి మీద ఆధారపడి ఉంటాది.

పెద్దవాళ్ళం మనం ఎంత ప్రేమగా ఉన్నా పిల్లలకి మనం సమానం కాము. అమ్మతో అలిగితే అమ్మే వెనకాల పడి అన్నం పెడుతుంది. నాయన కోప్పడితే ఊరుకోవాల్సిందే, ఎదురు చెప్పే పని లేదు. జతగాడితో అట్లా కుదరదు, కటీఫ్ అని చెప్పేసి వచ్చినాక మళ్ళీ మాట్లాడాలంటే ఎవురో ఒకరు దిగాల, ఎందుకు దిగాలో లోపల లోపల లెక్క వేసుకోవాల, తప్పు నాదా వాడిదా అని ఆలోచించాల. పిల్లల మనస్తత్వం మీద పరిశోధన చేసిన జీన్ పియాజే స్విట్జర్లాండ్‌లో గోళీలాట ఆడే పిల్లల పక్కన కూర్చుని చూసి, న్యాయం అంటే ఏందో పిల్లలు నిజంగా నేర్చుకునేది తమతో సమానమైన వాళ్ళతో తగువు పడి రాజీ పడేటప్పుడే అని 1930ల్లోనే చెప్పినాడు. కోపం పట్టుకోవడం, సిగ్గు దాచుకోవడం, ఓడిపోయి కూడా మరుసటి రోజు ఆటకి రావడం, ఇవి మనం ఇంట్లో కూర్చోబెట్టి చెప్తే వచ్చేవి కావు.

ఈ విషయం గురించి నేను చదివిన వాటిల్లో నా మనసులో గట్టిగా నాటుకుపోయింది ఆరుగురు చిన్నపిల్లల సంగతి. రెండో ప్రపంచ యుద్ధంలో నాజీలు యూదుల్ని బంధించి పెట్టిన టెరెజిన్ క్యాంపులో ఈ పిల్లలు పెరిగినారు. ఊహ తెలియకముందే అమ్మానాయనలు పోయినారు, చూసుకునే పెద్దవాళ్ళు ఎప్పటికప్పుడు మారిపోతా ఉన్నారు, ఒక మనిషి అని నిలకడగా ఎవురూ లేరు. 1945లో యుద్ధం అయినాక వాళ్ళని ఇంగ్లండ్‌కి తెచ్చి ఒక పల్లెటూరి ఇంట్లో పెట్టినారు, అప్పటికి వాళ్ళ వయసు మూడు నాలుగేళ్ళు. పిల్లల మనస్తత్వ నిపుణురాలు ఆనా ఫ్రాయిడ్, ఆమెతో పాటు సోఫీ డాన్ వాళ్ళ గురించి 1951లో రాసినారు. పెద్దవాళ్ళు దగ్గరికి వస్తే ఆ పిల్లలు కొరికేవాళ్ళు, ఉమ్మేవాళ్ళు, బొమ్మలిస్తే విరగ్గొట్టేవాళ్ళు. కానీ తమలో తాము మాత్రం ఒకరిని విడిచి ఒకరు ఉండేవాళ్ళు కాదు. ఒకడు కొంచేపు కనపడకపోతే మిగిలినోళ్ళు వాడేడీ వాడేడీ అని అడిగేవాళ్ళు. అన్నం దగ్గర తాను తినేదానికంటే ముందు పక్కవాడికి అందించడం ముఖ్యం వాళ్ళకి, ఆ వయసు పిల్లల్లో మామూలుగా కనపడే కుళ్ళు, పోటీ వాళ్ళ మధ్య దాదాపు లేనే లేవు. అంత నరకం చూసి వచ్చిన పిల్లలకి భయాలు, కోపాలు, కుదురు లేకపోవడం అన్నీ ఉన్నాయి. అయినా వాళ్ళ మనసు చితికిపోలేదు, మాట నేర్చుకున్నారు, మెల్లమెల్లగా ఆ ఇంటి పెద్దవాళ్ళతో కూడా కలిసినారు. తల్లి లేని చోట, తండ్రి లేని చోట ఆ ఆరుగురినీ నిలబెట్టింది పక్కన ఉన్న ఆ ఐదుగురే.

తల్లిదండ్రులు అక్కర్లేదు అని చెప్పడానికి ఇది తేలేదు. అమెరికాలో హ్యారీ హార్లో అనే మనస్తత్వ శాస్త్రవేత్త కోతి పిల్లల మీద చేసిన పరిశోధనల్లో, తల్లి లేకుండా తోటి పిల్లలతోనే పెరిగిన కోతులు ఒకదాన్నొకటి కరుచుకుని వదలకుండా, ప్రతి కొత్తదానికీ బెదిరిపోతా పెరిగినాయి. తల్లి చోటు తల్లిదే. అయితే అదే హార్లో, స్టీఫెన్ సువోమీతో కలిసి ఇంకో పని చేసినాడు. పుట్టినప్పటి నుంచి ఆరు నెలలు ఒంటరిగా పెట్టడం వల్ల మూలన ముడుచుకుని ఊగుతా కూర్చునే కోతుల దగ్గరికి, వాటికంటే మూడు నెలలు చిన్నవైన మామూలు కోతి పిల్లల్ని పంపినారు. ఆ చిన్నవి పోయి వాటిని పట్టుకుని వేలాడినాయి, ఆటకి పిలిచినాయి, కొన్ని నెలల్లో ఆ ఒంటరి కోతులు చాలా వరకు మామూలుగా అయినాయి. దీని మీద వాళ్ళ వ్యాసం 1972లో వచ్చింది. ఆ ఒంటరితనం పెట్టడమే క్రూరం, దాన్ని నేను సమర్థించను, కానీ అందులో తెలిసిన సంగతిని పక్కన పెట్టలేను. ఇది ఎందుకు చెప్తున్నానో, దాని దగ్గరికి కింద మళ్ళీ వస్తాను.

ఇంక అసలు విషయానికి వస్తే, క్లాసులో అందరికీ నచ్చడం వేరే, ఒక జత ఉండటం వేరే. మనం పెద్దవాళ్ళం ఎక్కువగా మొదటిదే చూస్తాం, మావాడు అందరితో కలుస్తాడు, లీడర్, స్టేజీ ఎక్కి మాట్లాడతాడు అని మురిసిపోతాం. జాన్ కోయీ, కెన్నెత్ డాడ్జ్ వాళ్ళు 1982లో పిల్లల్ని పిలిచి మీకు ఎవురంటే ఇష్టం, ఎవురంటే ఇష్టం లేదు అని విడివిడిగా అడిగి లెక్క కట్టినారు. అట్లా చూస్తే అందరూ ఇష్టపడే పిల్లలు, అందరూ వద్దనే పిల్లలు, కొందరికి బాగా ఇష్టమై కొందరికి అస్సలు గిట్టని పిల్లలు, ఎవురి నోట్లోనూ పేరే రాని పిల్లలు అని వేరు వేరుగా తేలినారు. మా ట్యూషన్‌లో కూడా ఆ పేరే రాని పిల్లలు ఉంటారు, సాయంత్రం వస్తారు, లెక్కలు చేస్తారు, పోతారు, ఆ పిల్ల రాని రోజు అటెండెన్స్ చూస్తే తప్ప తెలీదు. అయితే ఆ పేరే రాని పిల్లకి కూడా ఒక్క జత ఉంటే చాలు, పెద్ద ఇబ్బంది లేకుండా గడిచిపోతాది. అందరూ మెచ్చుకునే పిల్లోడికి మనసులో మాట చెప్పుకునే మనిషి ఒక్కడూ లేకపోతే వాడికే కష్టం.

మా అక్క కొడుకు సంగతి ఇదే. పుత్తూరు దగ్గర వాళ్ళ ఊరు. ఇంటర్‌కి ఇంకో ఊర్లో ఒక రెసిడెన్షియల్ కాలేజీలో చేర్చినారు, ఏ కాలేజీ అనేది ఈడ అక్కర్లేదు, ఆ పద్ధతి చాలా చోట్ల ఉండేదే. చేరిన కొత్తలో ఏడ్చినాడు, ఆ తర్వాత పాకాల నుంచి వచ్చిన ఒక పిల్లోడు జత అయినాడు, ఇద్దరిదీ ఒకటే సెక్షన్, పక్కపక్క మంచాలు, ఆదివారం ఫోన్‌లో వాడి పేరు తప్ప ఇంకో పేరు వినపడేది కాదు. అంతా బాగుంది అనుకునేటప్పటికి మావాడికి టెస్టుల్లో మంచి మార్కులు వచ్చినాయి, పై సెక్షన్‌కి మార్చినారు, రూము కూడా మారింది. బావ వీధిలో అందరికీ స్వీట్లు పంచినాడు. ఆ తర్వాత ఆదివారాల్లో కడుపునొప్పి మొదలైంది. ముందు మెస్సు తిండి అనుకున్నారు, తర్వాత గ్యాస్ అనుకున్నారు, స్కానింగ్ తీసినారు, ఏమీ లేదన్నారు. హాస్టల్‌లో "నాటకాలు" అన్నారు.

అక్కతో పాటు నేనూ వాణ్ణి చూడటానికి పోయినాను. మనిషి సగం అయినాడు. "పై సెక్షన్‌లో నిన్ను ఏమైనా అంటాండారా నాయనా" అని అడిగితే "ఎవురూ ఏమీ అనరు చిన్నమ్మా, డౌట్ అడిగితే కూడా చెప్తారు, అందరూ మంచోళ్ళే. రాత్రి లైట్లు తీసేసినాక మాట్లాడుకోడానికే ఎవురూ లేరు" అన్నాడు. మరి పాకాల పిల్లోడు ఏడి అంటే, మెస్సు దగ్గర ఎదురైనా తల తిప్పుకుని పోతాండాడు, నేను పెద్దోణ్ణి అయిపోయినానంట అని చెప్పినాడు. అక్క అక్కడికక్కడే ప్రిన్సిపాల్ దగ్గరికి పోయి సెక్షన్ ఏదైనా ఉండనీండి సార్, ఇద్దరినీ ఒక రూములో వేయండి చాలు అని బతిమలాడింది. అట్లా రూల్ లేదు అన్నారు. పై సెక్షన్ పిల్లలకి స్టడీ అవర్ వేరే టైమింగ్ అంట, రూములు కలిపితే డిస్టర్బెన్స్ అంట.

ఫస్టియర్ అయిపోయినాక అక్క వాణ్ణి ఇంటికి తెచ్చేసింది, సెకండియర్ తిరుపతిలో డే స్కాలర్‌గా వేసినారు. కొన్నాళ్ళకి ఆ పాకాల పిల్లోడి నాయన కూడా వాణ్ణి అదే కాలేజీకి మార్చినాడు, వాడు పొద్దున పాకాల నుంచి రైల్లో వచ్చి సాయంత్రం పోయేవాడు, వీడు స్టేషన్ దాకా పోయి ఎక్కించి వచ్చేవాడు. మాత్ర ఒక్కటీ వేయకుండానే కడుపునొప్పి పోయింది. మార్కులు కొంచెం తగ్గినాయి, అది కూడా దాచను. బావకి దాని మీద ఇప్పటికీ బాధ ఉంది.

ఒక్క పిల్లోడి కథతో ఏదీ రుజువు కాదు, నేను లెక్కలు చెప్పేదాన్ని, నాకు ఆ సంగతి తెలుసు. అందుకే వందల మంది పిల్లల్ని చూసినోళ్ళు ఏం చెప్పినారో చూడండి. కెనడాలో విలియం బుకోవ్‌స్కీ, ఎర్నెస్ట్ హాడ్జెస్ వాళ్ళు 1999లో ఒక పరిశోధన వేసినారు. తోటి పిల్లలు ఏడిపించే, కొట్టే పిల్లల్ని ఏడాది తర్వాత మళ్ళీ చూస్తే, వాళ్ళల్లో దిగులు, భయం, కోపం ఇంకా పెరిగి ఉన్నాయి, అది ఎవురైనా ఊహించేదే. కానీ వాడు వీణ్ణి వీడు వాణ్ణి బెస్ట్ ఫ్రెండ్ అని చెప్పుకునే ఒక్క జత ఉన్న పిల్లల్లో ఆ పెరుగుదల కనపడలేదు. ఒక్కడు చాలు, గుంపు అక్కర్లేదు. 2011లో అదే బుకోవ్‌స్కీ ఇంకొందరితో కలిసి ఐదు, ఆరు తరగతుల పిల్లలతో నాలుగు రోజుల పాటు రోజుకి చాలా సార్లు, ఇప్పుడే ఏం జరిగింది, పక్కన ఎవురున్నారు, నీ మీద నీకు ఏమనిపిస్తుంది అని రాయించినాడు, ఆ టైముకే వాళ్ళ ఉమ్ము తీసి కార్టిసాల్ కొలిచినారు, అది ఒత్తిడి వచ్చినప్పుడు ఒంట్లో ఊరే హార్మోను. చెడ్డది ఏదైనా జరిగినప్పుడు బెస్ట్ ఫ్రెండ్ పక్కన లేకపోతే కార్టిసాల్ పెరిగింది, తన మీద తనకున్న విలువ పడిపోయింది. ఫ్రెండ్ పక్కన ఉంటే పెద్దగా మార్పు లేదు. అంటే జతగాడు పక్కన ఉండటం అనేది మాటల ఓదార్పు దగ్గరే ఆగిపోలేదు, రక్తం దాకా పోయింది. మావాడి కడుపునొప్పిని నాటకం అన్నవాళ్ళకి నేను చెప్పాలనుకునేది ఇదే.

సీటు వచ్చినాక స్నేహాలు చూసుకోవచ్చు అనేవాళ్ళకి ఇంకోటి ఉంది. వర్జీనియా యూనివర్సిటీలో జోసెఫ్ ఆలెన్ వాళ్ళు 169 మంది పిల్లల్ని పదిహేనో ఏట నుంచి ఇరవై ఐదో ఏట దాకా వెంబడించి చూసినారు, 2017లో అది అచ్చయింది. పదిహేను పదహారేళ్ళప్పుడు ఒక గట్టి, దగ్గరి స్నేహం ఉన్నవాళ్ళకి పదేళ్ళ తర్వాత నలుగురిలో బెరుకు తగ్గింది, తమ మీద తమకి గౌరవం పెరిగింది, దిగులు తక్కువగా ఉంది. అదే వయసులో క్లాసులో బాగా పాపులర్ అయినవాళ్ళకి మాత్రం పదేళ్ళకి ఆ బెరుకు ఎక్కువగా ఉంది. సరిగ్గా మన ఇంటర్ వయసు అది. ఆ రెండేళ్ళు పక్కన పెట్టేస్తే తర్వాత చూసుకోవడానికి అదే వయసు మళ్ళీ రాదు కదా.

ఇంక అందరూ అడిగే ప్రశ్న, చెడు సావాసం సంగతేంది అని. నిజమే, స్నేహం అంతా మంచి చేసేదే అని నేను అనను. సాయంత్రాలు అలిపిరి బైపాస్‌లో ఒకే బండి మీద ముగ్గురు కూర్చుని పోయే పిల్లల్ని చూస్తే నాకూ గుండె ఆగినంత పని అవుతుంది, ఒక్కడే ఉంటే వాడు అంత స్పీడుగా పోడు. లారెన్స్ స్టైన్‌బర్గ్, మార్గో గార్డ్‌నర్ 2005లో కంప్యూటర్‌లో కారు నడిపే ఆట పెట్టి చూసినారు, సిగ్నల్ పడబోయేటప్పుడు ఆగాలా దూకాలా అనేది ఆట. పక్కన స్నేహితులు ఉంటే టీనేజీ పిల్లలు ఒంటరిగా ఆడినప్పటికంటే బాగా తెగించినారు, ఇరవై నాలుగు దాటినవాళ్ళల్లో ఆ తేడా రాలేదు. అమ్మాయిల్లో ఇంకో రకం. అమాండా రోజ్ 2002లో గమనించింది ఏమంటే, ఇద్దరు స్నేహితురాళ్ళు ఒకే బాధని పదే పదే తవ్వుకుని మాట్లాడుకుంటే వాళ్ళ స్నేహం గట్టిపడుతుంది, దాంతో పాటే దిగులు కూడా పెరుగుతుంది. ఇవన్నీ నిజాలే.

కానీ ఈ చెడు సావాసం భయమే సెక్షన్ల పద్ధతికి ఎదురు తిరుగుతాది. 1939లో బోస్టన్ దగ్గర తప్పుదారి పట్టే అవకాశం ఉన్న మగపిల్లల్ని బాగు చేయాలని ఒక పెద్ద కార్యక్రమం పెట్టినారు, సగం మందికి సలహాలు, ట్యూషన్లు, సమ్మర్ క్యాంపులు, మిగిలిన సగం మందికి ఏమీ లేదు. ముప్పై ఏళ్ళ తర్వాత జోన్ మెక్‌కార్డ్ వాళ్ళందరినీ వెతికి చూస్తే, సాయం అందినవాళ్ళే ఎక్కువ చెడిపోయి ఉన్నారు, అందులోనూ సమ్మర్ క్యాంపులకి ఒకటికి రెండుసార్లు పోయినవాళ్ళు. టామ్ డిషియన్‌తో కలిసి 1999లో దీని గురించి రాసినప్పుడు వాళ్ళు తేల్చింది, ఇబ్బందిలో ఉన్న పిల్లల్ని ఒకచోట కుప్ప వేస్తే వాళ్ళు ఒకరికొకరు అదే నేర్పుకుంటారు, అదే మెచ్చుకుంటారు అని. ఇప్పుడు కింది సెక్షన్ చూడండి. మార్కులు తగ్గి మనసు విరిగిన పిల్లలందరినీ ఏరి ఒక గదిలో వేస్తాండాం, లెక్చరర్లు కూడా ఆడికి అయిష్టంగానే పోతారు, ఇంక ఆ గదిలో చదివేవాణ్ణి చూసి చదివే అవకాశం ఎవురికి ఉంది? మీరు భయపడే సావాసాన్ని ఎవురు ఏ సెక్షన్ అనే లిస్టు గోడకి అంటించి మరీ తయారు చేస్తాండారు. మార్కులు తగ్గిన పిల్లలు తప్పు చేసినవాళ్ళు అని నేను అనడం లేదు, వాళ్ళ దిగులు ఒకరి నుంచి ఒకరికి అంటుకుంటాది అంటున్నాను, ఇది నా ఊహే కానీ నా కళ్ళతో చూసిన ఊహ.

అమ్మాయిల గురించి కొంచెం ఎక్కువ చెప్పాల. సెక్షన్లు మార్చకముందే, అసలు కాలేజీకి పోకముందే ఆడపిల్లల స్నేహాలు తెగిపోతా ఉంటాయి. ఏడో తరగతి దాకా సైకిల్ వేసుకుని స్నేహితురాలి ఇంటికి పోయిన పిల్ల, ఎనిమిది తొమ్మిదికి వచ్చేటప్పటికి ఆగిపోతుంది. వాళ్ళింట్లో అన్న ఉన్నాడు కదా, పొద్దుగూకినాక ఎట్లా వస్తావు, ఫోన్‌లో ఏం మాట్లాడతారు అంతసేపు, ఇట్లా ఒక్కొక్క మాటతో దారులు మూసేస్తాం. ఆ పిల్లకి స్నేహితురాలు దొరికేది స్కూల్లోనూ ట్యూషన్‌లోనూ మాత్రమే. మా ట్యూషన్ ఏడున్నరకి అయిపోతే, అమ్మాయిలు గేటు దగ్గర నాయన బండి వచ్చేదాకా నిలబడి మాట్లాడుకుంటా ఉంటారు, నేను లైటు వేసి ఉంచుతాను, లోపలికి పొమ్మని చెప్పను. మగపిల్లోడికి గ్రౌండ్ ఉంది, టీ అంగడి ఉంది, ఆడపిల్లకి ఆ గేటు దగ్గర కొంచేపే. అట్లాంటి పిల్ల హాస్టల్‌కి పోయి ఎట్లనో ఒక జత కుదుర్చుకుంటే దాన్ని మార్కుల కోసం మళ్ళీ తెగ్గొట్టడం అంటే మగపిల్లోడికంటే రెండింతలు నష్టం.

కులం సంగతి కూడా దాచి ప్రయోజనం లేదు. తొమ్మిదో తరగతికి వచ్చేటప్పటికి ఎవురు ఏ కులమో పిల్లలకి తెలిసిపోయి ఉంటాది, ఇంట్లో మనమే చెప్తాం. ఒక పిల్లోణ్ణి రంగు మీదో కులం మీదో ఏడిపిస్తా ఉంటే, ఏడిపించేవాడు ఒకడు ఉంటాడు, పక్కన నవ్వేవాళ్ళు నలుగురు ఉంటారు, ఏమీ అనకుండా చూసేవాళ్ళు ముప్పై మంది ఉంటారు. ఫిన్లాండ్‌లో క్రిస్టినా సాల్మివల్లి చాలా ఏళ్ళు చూసి చెప్పింది ఆ ముప్పై మంది గురించే, వాళ్ళల్లో కొందరు ఏడిపించబడినవాడి పక్కన నిలబడితే ఏడిపించడం తగ్గుతుంది అని, దాని మీదే అక్కడి స్కూళ్ళల్లో కీవా అనే కార్యక్రమం నడిపినారు. కానీ పక్కన నిలబడాలంటే ముందు వాడు వీళ్ళకి తెలిసినోడు అయి ఉండాల కదా, ఎప్పటికప్పుడు మారిపోయే సెక్షన్‌లో ఎవురు ఎవురి కోసం నిలబడతారు.

ఇదంతా నా ఒక్కదాని గోల కాదు. 2022లో మన దేశంలో 13,044 మంది విద్యార్థులు ఆత్మహత్య చేసుకున్నారని ప్రభుత్వ లెక్కలే చెప్తాయి. ఆ చావులకి కారణం ఒక్కటే అని ఎవురూ చెప్పలేరు, నేనూ చెప్పను. విశాఖపట్నంలో నీట్‌కి చదువుకుంటా చనిపోయిన ఒక అమ్మాయి తండ్రి వేసిన కేసులో, 2025 జూలై 25న సుప్రీంకోర్టు దేశం మొత్తానికి మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకంటే ఎక్కువ పిల్లలున్న ప్రతి విద్యాసంస్థలో అర్హత ఉన్న కౌన్సిలర్ కనీసం ఒకరు ఉండాల. ఇంకోటి, మార్కుల్ని బట్టి పిల్లల్ని బ్యాచ్‌లుగా విడదీయడం, నలుగురిలో అవమానపరచడం, శక్తికి మించిన టార్గెట్లు పెట్టడం వీలైనంత వరకు మానుకోవాల, ముఖ్యంగా కోచింగ్ సెంటర్లు. చట్టం వచ్చేదాకా ఇవి అమల్లో ఉండాల్సిందే అని కూడా కోర్టు చెప్పింది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టిన కేసు ఇది. మనకి సంబంధించినంతగా ఇంకెవురికి సంబంధించింది? అయినా అడ్మిషన్లప్పుడు ఈ తీర్పు పేరు ఎత్తి అడిగిన తల్లిదండ్రుల్ని నేను ఇంతవరకు చూడలేదు.

మా బావ లాంటివాళ్ళు అడిగేది, కలిపి కూర్చోబెడితే బాగా చదివేవాడు వెనకబడడా అని. దీనికి జవాబు మన పాత చిత్తూరు జిల్లాలోనే ఉంది. మదనపల్లె దగ్గర రిషీవ్యాలీ వాళ్ళు చుట్టుపక్కల పల్లెల్లో చిన్న చిన్న స్కూళ్ళు నడిపినారు, ఒకే గదిలో వేరే వేరే తరగతుల పిల్లలు, అందరూ గుంపులుగా కింద కూర్చుని, కార్డులు తీసుకుని ఎవురి వేగంతో వాళ్ళు చదువుకుంటా, తెలిసినోడు తెలియనోడికి చెప్తా పోతారు. ఆ పద్ధతిని ఎన్నో రాష్ట్రాలు వచ్చి చూసి తీసుకుపోయినాయి. ఇంటర్ సిలబస్‌కి దాన్ని అట్లే తెచ్చి పెట్టమని నేను చెప్పను, కానీ కలిపి కూర్చోబెడితే చదువు పాడైపోతుంది అనే మాటకి మాత్రం అది ఎదురు నిలబడుతుంది. నా ట్యూషన్‌లో కూడా ఎనిమిదో తరగతి పిల్లకి భిన్నాలు పదో తరగతి పిల్లతో చెప్పిస్తాను, చెప్పే పిల్లకే ముందు గట్టిపడతాయి.

పైన కోతుల గురించి మళ్ళీ వస్తాను అన్నాను కదా. వయసులో చిన్నవాళ్ళ సావాసం ముడుచుకుపోయిన పిల్లల్ని తెరుస్తాది అనేది మనుషుల్లో కూడా చూసినారు. 1979లో విల్లర్డ్ హార్టప్ వాళ్ళు నర్సరీలో ఎవురితోనూ కలవని పిల్లల్ని తీసుకుని, కొందరికి తమకంటే ఏడాది, ఏడాదిన్నర చిన్నపిల్లల్తో, కొందరికి తమ ఈడువాళ్ళతో పది ఆటపూటలు ఏర్పాటు చేసినారు. చిన్నవాళ్ళతో ఆడినవాళ్ళే క్లాసులో తోటివాళ్ళతో ఎక్కువగా కలిసినారు. కారణం అర్థమయ్యేదే, చిన్నవాడి దగ్గర మనం పెద్దవాళ్ళం, ఆటని మనమే మొదలుపెట్టొచ్చు, ఓడిపోతామనే భయం ఉండదు. మన వీధుల్లో ఇది ఎవురూ చెప్పకుండానే జరిగేది. మా తిరుపతి గంగజాతర వారంలో చూడండి ఇప్పటికీ, బైరాగి వేషానికి ఒళ్ళంతా తెల్లసుద్ద, తోటి వేషానికి బొగ్గుపొడి పూసుకుని, ఇంటర్ చదివే అన్న నుంచి అన్న చెయ్యి పట్టుకున్న ఐదేళ్ళోడి దాకా ఒకే గుంపుగా తాతయ్యగుంట గంగమ్మ గుడి దాకా పోతారు. స్కూల్లో నోరు మెదపని పిల్లోడు ఆ గుంపులో చిన్నవాళ్ళకి లీడర్‌గా ఉంటాడు, నేను చూసినాను. మిగిలిన ఏడాదంతా మనం వాణ్ణి వాడి వయసువాళ్ళతోనే, వాడి మార్కులవాళ్ళతోనే కూర్చోబెడతాం.

కాలేజీవాళ్ళకి ఒక మాట. పోటీ వద్దు, టెస్టులు వద్దు అని నేను అడగడం లేదు, ర్యాంకులు వేసుకోండి, వెనకబడిన సబ్జెక్టుకి సాయంత్రం ఒక గంట విడిగా క్లాసు పెట్టుకోండి, ఆ గంట అయినాక పిల్లల్ని తిరిగి వాళ్ళ సెక్షన్‌కే పంపండి. సెక్షన్ మార్చే తీరాల అనుకుంటే ఏడాదికి ఒకసారి మార్చండి, మార్చేటప్పుడు నీతో పాటు ఎవురు ఉండాల అని ఒక్క పేరు రాయించుకుని ఆ ఇద్దరినీ కలిపి మార్చండి. లెక్చరర్లకి ఇది పెద్ద పనేమీ కాదు, ఎవురు ఎవురికి జతో వాళ్ళకి తెలుసు.

తల్లిదండ్రులకి కూడా. ఆదివారం ఫోన్‌లో మార్కులు అడిగే ముందు రాత్రి ఎవురితో మాట్లాడినావు అని అడగండి, పిల్లోడు రెండు మూడు వారాలు వరుసగా ఒక్క పేరు కూడా చెప్పకపోతే, కడుపునొప్పి, తలనొప్పి అంటా ఉంటే, స్కానింగ్‌తో పాటు కౌన్సిలర్ దగ్గరికి కూడా తీసుకుపోండి. ప్రభుత్వం వాళ్ళ టెలీ మానస్ నంబరు 14416, ఫ్రీనే, తెలుగులోనే మాట్లాడతారు. అడ్మిషన్ టేబుల్ దగ్గర కూర్చున్నప్పుడు ఫీజు బేరానికి ముందు రెండు విషయాలు అడగండి, సెక్షన్ ఎన్నాళ్ళకి మారుస్తారు అని ఒకటి, సెక్షన్ మారినా రూము అదే ఉంచుతారా అని ఇంకోటి. రెండోదానికి ఉంచుతాం అంటే ఆ మాట అప్లికేషన్ మీద రాయించుకోండి.